బిరడాకో వాటా

ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఏదైనా పాడైతే పారేసే అలవాటు ఎవరికీ ఉండేది కాదు. చిరిగినదాన్ని కుట్టేవాళ్ళం, విరిగినదాన్ని కట్టేవాళ్ళం, కారేదాని కింద ఇంకో గిన్నె పెట్టేవాళ్ళం. అలాంటి లోకంలోకి తొంభైల చివర్లో నా చేతుల మీదుగా వెండి రంగు టేపు వచ్చింది. దాంతో నేను బాగుచేసినవి తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ కొంచెం పొంగుతుంది. బాగుచెయ్యబోయి చేసిన ఒక ఘనకార్యం గుర్తొస్తే మాత్రం, ఛాతీ సంగతి అటుంచి, ఒంట్లో ఇంకోచోట చురుక్కుమంటుంది. ఆ చోటేదో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మాది బారువ పక్కన సముద్రం ఒడ్డు ఊరు. వేటే బతుకు. మా ఇంటి మగవాళ్ళంతా తెప్ప మీదే పుట్టినట్టుండేవారు, నేను తప్ప. నాకు తెప్ప ఎక్కితే చాలు, కెరటాలు దాటకముందే కడుపులో తిప్పేది. పన్నెండేళ్ళప్పుడు మా చిన్నమావ (అమ్మకి తమ్ముడు, ఒక ఫైబరు తెప్పకి యజమాని, కోపానికీ నవ్వుకీ మధ్య పెద్దగా దూరం లేని మనిషి) నన్ను ఒకసారి వేటకి తీసుకెళ్ళాడు. నా వాంతులు చూడలేక సగంలో వెనక్కి తెచ్చి అమ్మ ముందు దింపాడు. "అక్కా, నీ కొడుకు సేపలకి మేతెయ్యడానికి తప్ప దేనికీ పనికిరాడే. సదివించీ," అన్నాడు. అలా నేను చదువుకున్నాను. (చదువు మీద ఇష్టంతో చదివినవాళ్ళు కూడా మా ఊళ్ళో ఉన్నారు, నేను వాళ్ళలో లేను.) టెక్కలిలో ఇంటరు అయిందనిపించి, పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి కుదిరాను.

అక్కడ అట్టపెట్టెలకి వేసే గోధుమరంగు టేపు వేరు. నేను చెప్పేది, ఎక్కడో దూరదేశం నుంచి వచ్చిన మిషనుతో పాటు పెట్టెలో వచ్చిన వెండి టేపు. గుడ్డలా మందంగా ఉండేది. చేత్తో లాగితే చక్కగా అడ్డంగా చిరిగేది, అంటించామంటే మాత్రం వదిలేది కాదు. ఓనరు గారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. మిషను పైపులకి చుట్టగా మిగిలిన చుట్టని నా పనికి మెచ్చి నాకిచ్చేశారు. (మెచ్చి అని నేనంటాను. "ఇది పట్టుకుని అవతలికి పోవయ్యా" అని ఆయనన్నారు.)

ఇక శనివారం సాయంత్రం నేను ఊళ్ళో బస్సు దిగేసరికి విరిగిన వస్తువులతో జనం ఎదురు చూసేవారు. పగిలిన బకెట్లు, తెగిన చెప్పులు, చిరిగిన సైకిలు సీట్లు, వెనక మూత పోయిన టీవీ రిమోట్లు. మావ తెప్పలో నీళ్ళు తోడే బకెట్టు అడుగున పగిలితే దానికీ నేనే టేపు వేశాను. పక్కింటి పెద్దమ్మ కళ్ళజోడుకి ఒకవైపు మరీ ఎక్కువ చుట్టడంతో ఆవిడ కొన్నాళ్ళు అందరినీ తల వంచి అనుమానంగా చూసేది. మా నాయనమ్మ గొడుగుకి వేసిన టేపు వల్ల వాన చుక్క దిగలేదు గానీ, గొడుగు ముడవడం అనేది కుదరకుండా పోయింది. ఆవిడ దాన్ని విప్పి ఉన్నదాన్ని ఉన్నట్టుగా వాకిట్లో వదిలేసి లోపలికి వచ్చేది. అయినా ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. అందరూ మెచ్చుకున్నారు, మావ ఒక్కడు తప్ప. "గుంటడికి బొమ్మ దొరికింది," అనేవాడు. నాకేమో లోలోపల ఒకటే కోరిక. ఆ నోటితో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పనికొచ్చేవాణ్ణి అనిపించుకోవాలి.

ఆ అవకాశం ఒక వేసవిలో, నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నప్పుడు దొరికింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపించిన నెలన్నర రోజులూ తెప్పలన్నీ ఒడ్డునే ఉండేవి. ఇంకో మూడు రోజుల్లో నిషేధం తీరుతుందనగా, తెప్పల్ని దొర్లించే కొబ్బరి దుంగ ఒకటి జారి మావ తెప్ప అడుగున తగిలింది. ఇంజనుకి కొంచెం ముందుగా, జానెడు పొడవున పగులు. ఫైబరు మేస్త్రీకి కబురు పెడితే చేతినిండా పనుందనీ, పది రోజుల వరకూ రాలేననీ చెప్పించాడు. ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోని సముద్రంలో మొదటిరోజు పడే చేప మళ్ళీ పడదు. ఊరంతా వెళ్తుంటే మావ ఒక్కడూ ఒడ్డున కూర్చోవాలి. గంజిలోకి ఉప్పుచేప తిని తిని విసిగిపోయిన అత్త ఆ రోజు కోసమే ఎదురు చూస్తోంది. మావ తెప్ప పక్కన ఇసుకలో చతికిలబడి, బీడీ మీద బీడీ కాల్చాడు.

"మావా, నేనేస్తాను టేపు," అన్నాను.

"తెప్పకేటి, టేపేటి? నీకేటైనా పిచ్చేట్రా అల్లుడా?"

పిచ్చి కాదని చూపించాను. పగులుని మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, గుడ్డతో తుడిచి, లోపల మూడు వరసలు, బయట మూడు వరసలు వేశాను. తెప్పలో పది బిందెల నీళ్ళు పోయించాను. మావ కిందకి దూరి, పగులు దగ్గర అరచెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉన్నాడు. బయటికొచ్చి పొడిచెయ్యి నాకు చూపించాడు. ఆ క్షణంలో ఓనరు గారు తన బీరువా తాళాలు నా చేతిలో పెట్టినా అంత సంతోషించేవాణ్ణి కాదు.

"సరే, ఎల్దాం. ఒడ్డు కనపడినంత దూరమే. కానైతే నువ్వూ ఎక్కాల," అన్నాడు.

"నేనెందుకు మావా?"

"నా తెప్ప మీద కొత్తగా పనెవుడు సేసినా, మొదటిరోజు ఆడూ ఎక్కాల. ఫైబరు మేస్త్రీకైనా అదే మాట." (మేస్త్రీ మా మావ పనిని ఎప్పుడూ ఆఖరికి ఎందుకు పెట్టుకునేవాడో నాకప్పుడు అర్థమైంది.)

ఇక్కడే నా బుర్ర పనిచేసింది. అది పనిచెయ్యకపోయి ఉంటే ఈ కథే లేదు. అంతవరకూ ఆ టేపు మీద నాకు ఎనలేని నమ్మకం. దాని మీద నేనే కూర్చుని సముద్రంలోకి వెళ్ళాలి అనేసరికి ఆ నమ్మకం కాస్తా సడలింది. ఇంకొంచెం గట్టి చేస్తే బాగుండునని అనిపించింది. మా తాతల కాలంలో చెక్క తెప్పలకి నీళ్ళు పట్టకుండా జీడిపిక్కల తొక్క నుంచి తీసిన నల్లటి నూనె పూసేవారు. గుమ్మాలకి చెద పట్టకుండా రాద్దామని ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన సీసాడు నూనె ఇంట్లో ఉంది. నూనె ఒక్కటే నీటిని ఆపుతుంది, టేపు ఒక్కటే నీటిని ఆపుతుంది, రెండూ కలిస్తే సముద్రమేం చేస్తుంది? వేటకి ముందురోజు సాయంత్రం ఎవరూ లేనప్పుడు వెళ్ళి, బంగారంలాంటి నా టేపుని నా చేత్తోనే ఊడబీకి, పగులంతా పాత గుడ్డతో జీడి నూనె బాగా పట్టించి, చుట్టలో మిగిలిన టేపంతా దాని మీద వేశాను. జిగురుకి నూనె పడదన్న సంగతి, రోజుకి వంద పెట్టెలు అంటించే మనిషికి తట్టలేదంటే మీరు నమ్మాలి.

తెల్లవారాక గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, తెప్పకి పసుపు పూసి, అందరూ కలిసి నీళ్ళలోకి తోశారు. ఎక్కింది మావ, వల లాగే ముగ్గురు కలాసీలు, నేను. పాత లుంగీ కట్టుకుని, దేవుళ్ళందరినీ తలుచుకుంటూ కూర్చున్నాను. కెరటాలు దాటాం. అలవాటు ప్రకారం చేపలకి మేత వేశాను. వల దింపారు. అంతా బాగానే ఉందనుకుంటుండగా కాళ్ళ కింద చల్లగా తగిలింది. చూస్తే టేపు ఒక కొస పైకి లేచి, నీళ్ళలో మెల్లగా ఊగుతూ, నన్ను చూసి చెయ్యి ఊపుతున్నట్టుంది.

"మావా," అన్నాను. ఆ కొసని వేలితో చూపించాను.

మావ చూశాడు. తిట్టలేదు. దానికే ఎక్కువ భయమేసింది. కలాసీల్లో పెద్దవాడు, "వల కోసీసి ఎలిపోదామేటి?" అన్నాడు. వల కొయ్యడమంటే ఆ రోజు వేటతో పాటు ఏడాది కష్టంతో చేయించుకున్న వలని కూడా సముద్రంలో వదిలెయ్యడమే. మావ ఒకసారి వల వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

"దానిమీద కూకో," అన్నాడు.

లుంగీ మడిచి పగులు మీద కూర్చున్నాను. నీళ్ళు ఆగాయి. పూర్తిగా కాదు, బకెట్టుతో తోడుకోగలిగినంతకి తగ్గాయి.

"వల లాగేదాకా కూకోగలవేటి?"

"కూకుంటాను మావా."

వాళ్ళు నా మీదుగా అడుగులేస్తూ, నన్ను తిడుతూ, నా పక్కనుంచే వల లాగారు. ఒకడు ఆగకుండా నీళ్ళు తోడాడు. (అది నేను టేపు వేసిన బకెట్టే. దానికి నూనె రాయలేదు కాబట్టి ఒక్క చుక్క కారలేదు.) కాసేపటికి నాకు మంట మొదలైంది. ముందు ఉప్పునీళ్ళ మంటేమో అనుకున్నాను. తర్వాత కాదని తెలిసింది. జీడి నూనె చర్మానికి తగిలితే ఏం చేస్తుందో పలాసలో అందరికీ తెలుసు. లేస్తే నీళ్ళొస్తాయి, కూర్చుంటే నిప్పులు. మధ్యమధ్యలో వాంతులు. అలా వల మొత్తం పైకొచ్చేదాకా, ఒడ్డుకి తిరిగొచ్చేదాకా కూర్చునే ఉన్నాను. నా జీవితంలో అంతసేపు ఒకే పని మీద దృష్టి పెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

తెప్ప నిండా కానాగంత చేపలు. ఒడ్డున మావ ఇసుకలో చేపల్ని కుప్పలు పెట్టాడు. "తెప్పకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా, మడిసికో వాటా." నేను కొంచెం దూరంలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. పెద్ద కలాసీ నన్ను చూపించి, "మరీడికేటి? ఒక్క తాడైనా లాగినాడేటి?" అని నవ్వాడు.

మావ కొంచెం ఆలోచించాడు. "ఈడు మడిసి లెక్కలోకి రాడురా. బిరడా. బిరడా లేకపోతే తెప్ప తేల్తాదేటి?" అని ఇంకో కుప్ప పోశాడు. "ఇదిగో, బిరడాకో వాటా. అట్టుకుపో అల్లుడా."

మా ఇంట్లో మగవాళ్ళందరూ పదిహేనేళ్ళకే అందుకున్న వాటా నాకు ఇరవై రెండో ఏట అందింది. చేపల్ని లుంగీలో మూట కట్టుకుందామని చూస్తే ఆ లుంగీ కాస్తా టేపుకి అంటుకుని వెనకవైపు సగం తెప్పలోనే ఉండిపోయింది. అత్త నవ్వు ఆపుకుంటూ తన బుట్ట ఇచ్చింది. ఆ బుట్టని ముందు పెట్టుకోవాలో వెనక పెట్టుకోవాలో తేల్చుకోలేక చాలా ఇబ్బంది పడ్డాను.

ఇంటికెళ్ళాక అమ్మ చేపల పులుసు పెట్టి, "కూకుని తినరా," అంది. "పర్లేదమ్మా," అని నిలబడే తిన్నాను. బోర్లా పడుకుని నిద్రపోయాను. అమ్మకి అనుమానమొచ్చింది. అమ్మ ఏళ్ళ తరబడి బట్టీలో జీడిపిక్కలు కొట్టిన మనిషి, ఆ బొబ్బలు ఆవిడ వేళ్ళకి పాత చుట్టాలు. "ఓలమ్మో, ఇవి జీడి బొబ్బలురా! నీకక్కడెలాగేసినాయి?" అని గట్టిగా అరిచేసరికి వాడంతా తెలిసిపోయింది. సాయంత్రానికి మావ వచ్చాడు. కొడతాడనుకుని మంచం కోడు పట్టుకున్నాను. నూనె సంగతంతా విని, గోడకి చేరగిలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక మాత్రం నెమ్మదిగా అడిగాడు.

"మరంత మంటెత్తుతుంటే లేవలేదేట్రా?"

"లేస్తే నీళ్ళొస్తాయి కదా మావా."

మావ నా తల మీద చెయ్యి వేసి, కొబ్బరినూనె తెమ్మని అత్తని కేకేశాడు. ఫ్యాక్టరీలో పదిరోజులు నిలబడే పనిచేశాను. "నీ శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తోందోయ్," అన్నారు ఓనరు గారు. మా ఊళ్ళో నాకు బిరడా అన్న పేరు మిగిలిపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా ప్రాంతంలో చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే మావకీ వచ్చింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటోలో నేనే తీసుకెళ్తాను. మొదటిరోజు నర్సమ్మ ఆయన చేతికి సూదులు గుచ్చి, వాటి మీద తెల్లటి టేపు వేసి వెళ్ళింది. ఒకప్పుడు వల లాగిన ఆ చెయ్యి ఎంత సన్నబడిపోయిందో అప్పుడే గమనించాను. నాకు తెలియకుండానే ఆ టేపు కొస మీద వేలు వేసి, అలాగే పక్కన కూర్చున్నాను. నర్సమ్మ మళ్ళీ వచ్చి, "ఊడదండీ, ఎందుకు పట్టుకున్నారు?" అంది.

మావ కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "ఉండనీవమ్మా. ఆడిది మా తెప్పలో బిరడా ఉద్యోగం," అన్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచి నా వైపు చూసి, "జీడి నూనె రాయలేదు గదా?" అన్నాడు.

రాయలేదని చెప్పాను. నాలుగు గంటలు పడుతుందనీ, బయట బెంచీ మీద కూర్చోవచ్చనీ నర్సమ్మ అంది. ఆనాడు దానికంటే తక్కువసేపే కూర్చున్నాననుకుంటాను, అదీ నిప్పుల మీద. ఇక్కడ కుర్చీ మెత్తగానే ఉంది.

"కూకోగలవేటి?" అన్నాడు మావ.

"కూకుంటాను మావా," అన్నాను.