చిట్టియ్య వేసిన ఫ్యాను

కడియం పక్కనున్న మా ఊరి చర్చిలో గంట కొట్టేది చిట్టియ్య. మిగతా రోజుల్లో నర్సరీలో మామిడి అంట్లు కడతాడు. ఎవరైనా కాలు తొక్కినా "పర్లేదండి" అనే రకం. ముప్పై ఏళ్ళలో ఆయన ఎవరితోనూ మాటామాటా అనుకోగా చూడలేదు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన నాలాంటి నోటి దురుసు మనిషికి ఆయన్ని చూస్తే ముచ్చటేసేది. ఇప్పుడు ఆ మంచితనం మాటెత్తితే ఒళ్ళు మండుతుంది.

అంటు కట్టడానికి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు కొమ్మ కోసి చెక్కితే, ఇంకొకరు దాన్ని మొక్కకు జత చేసి టేపు చుడతారు. పదకొండేళ్ళుగా చిట్టియ్య చెక్కితే వీరమ్మ చుట్టేది. వీరమ్మకు ఒక్కతే కూతురు, వినీల. నా దగ్గరే చదువుకుంది. లెక్క తప్పితే ముందు తనే నవ్వేసే పిల్ల.

ఆ పిల్లకు మొక్కల లారీ డ్రైవరు విజయ్ పాల్‌తో పెళ్ళి కుదిరింది. మాకు పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. "వీరి వివాహమునకు అభ్యంతరము గలవారు తెలియజేయవలెను" అంటారు పాస్టరు గారు. నాకు బుద్ధి తెలిశాక ఎవరూ నోరు విప్పింది లేదు. ఆ కాసేపట్లో ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటారు, మగవాళ్ళు తర్వాతి పాట వెతుక్కుంటారు.

మొదటి ఆదివారం పేరు చదివితేగాని పెళ్ళికొడుకెవరో చిట్టియ్యకు తెలియలేదు. అంతకు రెండేళ్ళ కిందట నాగపూర్ లోడు వెళ్ళినప్పుడు, దారిలో మొక్కలకు నీళ్ళు కొట్టడానికి అతని లారీలోనే వెళ్ళాడు. ఆ ఊళ్ళో ఒక మధ్యాహ్నం విజయ్ పాల్ ఒక ఇంటి ముందు లారీ ఆపాడు. అన్నం ఇంకా ఉడకలేదని లోపలున్న ఆడమనిషిని బెల్టుతో కొట్టాడు. కిందపడ్డాక కూడా కొట్టాడు. తిరిగొచ్చి లారీ ఎక్కి, "మా ఆవిడేలే బాబాయ్. మనవైపు ఎక్కడా అనకు," అన్నాడు. చిట్టియ్య ఎక్కడా అనలేదు.

పెద్దలు విచారించే ఉంటారులే అని మొదటి వారం సరిపెట్టుకున్నాడు. రెండో వారం వీరమ్మ పెళ్ళిచీర నర్సరీకి తెచ్చి, "రంగు బాగుందా అన్నయ్యా?" అని అడిగింది. బాగుందన్నాడు.

మూడో ఆదివారం మే ఎండ మండిపోతోంది. పాస్టరు గారు ప్రకటన చదవగానే చిట్టియ్య లేచి నిలబడ్డాడు. చర్చంతా అటు తిరిగింది.

"ఏంటి చిట్టియ్యా?" అన్నారు పాస్టరు గారు.

పెదవులు కదిలాయి. నా బెంచీకి రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

"ఫ్యాను వెయ్యమంటారా అండి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన వెళ్ళి స్విచ్చి నొక్కాడు. ఆ గాలి సరిగ్గా నా నెత్తికే తగిలింది, హాయిగా ఉందనుకున్నాను. మొహం చూసి ఏ పిల్లాడు హోంవర్కు ఎగ్గొట్టాడో చెప్పేసేవాణ్ణి, వణుకుతున్న ఆ మనిషిని పక్కకు పిలిచి ఒక్కమాట అడగలేకపోయాను.

పెళ్ళయ్యాక వినీల ఏడు నెలలు బతికింది. నాగపూర్ ఆవిడ సంగతి తెలిసి నిలదీస్తే, వాడు తలను గోడకేసి కొట్టి చంపేశాడు. వాడు జైల్లో ఉన్నాడు. పిల్లను మా సమాధుల తోటలో పెట్టాం. ఆ రోజు గంట కొట్టలేక చిట్టియ్య తాడు పట్టుకునే కూలబడిపోయాడు. గంట నేనే కొట్టాను. అప్పుడే నాకంతా చెప్పాడు.

"వీరమ్మకు చెప్పు," అన్నాను.

"చెప్తే చచ్చిపోద్ది మాస్టారూ."

"చెప్పకుండా ఎవర్ని బతికించావు?" అని కసిరాను. అందులో సగం కోపం నా మీద నాకే.

నెలన్నర తర్వాత వీరమ్మ పనిలోకి వచ్చినరోజు చెప్పాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. వీరమ్మ టేపు చుడుతూనే అంతా వింది. ఆ అంటు పూర్తిచేసి, ముడి వేసి, పక్కన పెట్టింది.

"మూడు ఆదివారాలూ తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"ఆరోజు నువ్వు లేస్తే నా ప్రాణం పోయినంత పనైంది. పెళ్ళి ఆగిపోద్దేమోనని. నువ్వు ఫ్యాను అన్నాక దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను అన్నయ్యా."

చిట్టియ్య ఏడుస్తూ ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వీరమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడు చెప్తున్నావేంటి? ఇప్పుడెవరి పెళ్ళి ఆపుతావు?"

మర్నాటి నుంచి వీరమ్మ వేరే వరసలో కూర్చుంటోంది. చిట్టియ్య తనే చెక్కి, తనే చుట్టుకుంటాడు. చర్చిలో ఎవరి పెళ్ళి ప్రకటన చదివినా లేచి, చదవడం అయ్యేదాకా నిలబడతాడు. పాస్టరు గారు ఒక్క క్షణం ఆగి ఆయన వైపు చూస్తారు. ఇప్పుడు ఆయన దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.