సవారి బండి రాజలింగు వరంగల్ చూసిన రోజు

పరకాల అవతల ఆ పల్లెలో బస్సు ఎక్కాలనుకున్న వాళ్ళు ముందు రాజలింగు బండి ఎక్కాలి. ఊరికీ పరకాలకూ మధ్య రెండు వాగులు, గతుకుల మట్టిబాట. పెండ్లికూతుళ్ళనూ, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళనూ, కోర్టు వాయిదాలకు పోయే పెద్దమనుషులనూ గూడు కట్టిన తన సవారి బండిలో పరకాల బస్సు దాకా చేర్చింది అతనే. వరంగల్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళను పొద్దుగూకే వేళకు మళ్ళీ ఊరికి తెచ్చిందీ అతనే.

తిరుగు ప్రయాణంలో వాళ్ళు ఊరికే ఉండేవాళ్ళు కాదు. కాజీపేటలో చూసిన రైళ్ళ గురించీ, ఖిల్లాలోని రాతి తోరణాల గురించీ, బస్సుల్లో తొక్కిసలాట గురించీ ఒకరితో ఒకరు పోటీపడి చెప్పుకునేవాళ్ళు. రాజలింగు పగ్గాలు పట్టుకుని ముందు కూర్చుని వినేవాడు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏ బజారులో ఏం దొరుకుతుందో అతనికి నోటికి వచ్చు. కానీ ఎన్నడూ పరకాల దాటలేదు. ఎద్దులను విడిచి ఎట్లా పోతాడు? భార్య యాకమ్మ ఉన్న రోజుల్లో, "ఒక్కపాలి పోయి రారాదు, ఎద్దులకు నేను గడ్డేస్త" అనేది. పోదాం పోదాం అంటుండగానే ఆమె జ్వరం తగిలి పోయింది. పిల్లలు లేరు.

డెబ్బయి తొమ్మిదిలో వాగుల మీద వంతెనలు పడ్డాయి. ఎర్ర బస్సు నేరుగా ఊళ్ళోకే వచ్చింది. సర్పంచి కొబ్బరికాయ కొడితే అందరితోపాటు రాజలింగు కూడా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత అతని బండి ఎక్కినవాళ్ళు లేరు. ఎర్ర ఎద్దు ఆ ఎండాకాలంలోనే చచ్చిపోయింది. జోడు లేని తెల్ల ఎద్దును పరకాల అంగట్లో అమ్మేశాడు. బండి వాకిట్లో కాడి నేలకానించి పడి ఉంది.

పని లేని మనిషికి పొద్దు గడవడం కష్టం. కొన్నాళ్ళు అరుగు మీద కూర్చున్నాడు. ఒకరోజు పొద్దున్నే తానం చేసి, ఉతికిన ధోతి కట్టుకుని, తువ్వాలలో నాలుగు రొట్టెలు మూటగట్టుకుని బస్సు దగ్గరికి నడిచాడు. ఎదురింటి సమ్మమ్మ వాకిలి ఊడుస్తూ చూసింది.

"ఏడికి బావా, గింత పొద్దుగాల?"

"వరంగల్ సూసొస్త."

"ఎవలున్నరాడ?"

"ఎవలు లేరు. ఊకెనే సూసొస్త."

సమ్మమ్మకు అర్థం కాలేదు. చుట్టాలు లేకుండా, రోగం లేకుండా, పని లేకుండా వరంగల్ పోయేవాళ్ళను ఆమె ఎరగదు.

బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. బస్సు కదలగానే రాజలింగు చేతులకు ఏం చేయాలో తోచలేదు. ముందు కడ్డీని పట్టుకున్నాడు. పక్క సీట్లో ఇద్దరు ఊరివాళ్ళే, నిన్నమొన్నటి దాకా అతని బండిలో పోయినవాళ్ళు, "బస్సొచ్చినంక పానం సుఖమైందిరా, ఆ బండిల నడుములు ఇరిగేటియి" అనుకుంటున్నారు. అతను అక్కడే ఉన్నాడని చూసి కూడా ఆపలేదు. కడుపులో కుళ్ళు పెట్టుకుని అన్న మాటలు కావవి. నిజమే కదా అని రాజలింగు కిటికీలోంచి బయటికి చూశాడు. దారంతా డ్రైవరు మెడ, చెమటకు తడిసిన కాకీ అంగీ తప్ప అతని ముఖం ఒక్కసారి కూడా కనపడలేదు.

హనుమకొండ బస్టాండులో దిగేసరికి చెవులు దిమ్మెక్కాయి. సిటీ బస్సులు ఆగే చోటు అడిగి తెలుసుకుని నిలబడ్డాడు. బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. రాజలింగు పక్కకు జరిగి అందరినీ ఎక్కనిచ్చాడు. నలభై ఏళ్ళ అలవాటది. సవారీలందరూ ఎక్కి సర్దుకున్నాకనే బండివాడు ఎక్కాలి. చివరివాడు ఎక్కాక కాలు ఎత్తేలోగా కండక్టరు "రైట్" అన్నాడు, బస్సు వెళ్ళిపోయింది. రెండో బస్సుకూ అట్లాగే జరిగింది. మూడోసారి ఒక లావుపాటి కండక్టరు రెక్క పట్టి లోపలికి లాగాడు.

"గట్ల సూసుకుంట నిలబడితె పొద్దుగూకేదాక ఈన్నే ఉంటవ్ పెద్దాయినె. ఏడికి?"

"ఖిల్లకు నాయినా."

"ఖిల్ల గిటు కాదు. ఇది కాజీపేటకు పోతది. దిగుతవా?"

బస్సు అప్పటికే చౌరస్తా దాటింది. "కాజీపేటకే టికెట్ కొట్టు మరి" అన్నాడు రాజలింగు. రైళ్ళూ చూడాల్సినవే.

కాజీపేట స్టేషన్లో పట్టాల మీది వంతెన ఎక్కి నిలబడ్డాడు. అడుగున రైలొకటి వచ్చి ఆగింది. ఎన్ని పెట్టెలో! ఊరు ఊరంతా ఎక్కినా ఇంకా చోటు మిగిలేట్టుంది. పొగ వంతెన మీదికి కమ్ముకొచ్చింది. "అబ్బ, సూడు సూడు..." అంటూ పక్కకు తిరిగాడు. పక్కన సంచులు మోసుకుపోతున్న ఎవరో మనిషి. అతను ఒక్క చూపు చూసి, తనను కాదనుకుని సాగిపోయాడు. రాజలింగు మళ్ళీ రైలు వైపు తిరిగాడు. ఇంతకాలం బండిలో ఎంత బరువున్నా తోలాడుగానీ, చూసినదాన్ని చెప్పుకోలేకపోవడం ఇంత బరువని తెలియదు. రొట్టెలు అక్కడే కూర్చుని తిన్నాడు. రైలు పోయింది. ఇంకోటి వచ్చింది. అది కూడా పోయింది.

తిరిగి వరంగల్ బస్సు ఎక్కాడు. ఈసారి తోసుకునే ఎక్కాడు. హనుమకొండలో నూలు మూట చంకన పెట్టుకుని ఒకామె ఎక్కి అతని పక్కనే నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. రాజలింగు రెండుసార్లు చూసి పోల్చుకున్నాడు. తమ ఊరి మగ్గాల వీరభద్రం బిడ్డ భాగ్యమ్మ. పెండ్లయి అత్తవారింటికి పోయే రోజు పరకాల దాకా తోలింది తనే. పెండ్లికొడుకు గూట్లో కునికిపాట్లు పడుతుంటే ఆ పిల్ల ఒక్కతే ఏడుస్తూ కూర్చుంది. ఆడపిల్లను పలకరించే చనువు లేక, రాజలింగు దారి పొడుగునా ఎద్దులతో మాట్లాడాడు. "ఏడ్వకురా తెల్లోడా, కొత్త కొట్టమైతేంది, నాలుగొద్దులకు అలవాటైతది" అని. వాగు దాటేసరికి ఆ పిల్ల ఏడుపు ఆగింది.

"బిడ్డా, నువ్వు వీరభద్రం బిడ్డవు గదా?"

ఆమె ఉలిక్కిపడి చూసింది. "ఔ. నువ్వెవలు?"

"రాజలింగును. సవారి బండి రాజలింగును."

భాగ్యమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. అతను నవ్వు ముఖంతో ఆగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"బండి యాదికున్నది కాకా. తెల్లెద్దు మస్తు యాదికున్నది, మెడల గజ్జెలు సుత. నీ మొకమే యాదికొస్తలేదు. ఏమనుకోకు."

"ఏమనుకుంట బిడ్డా. ముంగట కూసున్నోని మొకం ఎవలు సూస్తరు."

"తెల్లెద్దు మంచిగున్నదా?"

ఊళ్ళో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "అమ్మిన బిడ్డా. జోడు సచ్చిపోయింది. ఒక్కదాన్ని పెట్టుకోని ఏం జేత్త."

భాగ్యమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ పొద్దు అదే నాకు తోడున్నట్టయింది కాకా. నువ్వు దానితోని ముచ్చట వెడుతుంటె ఇన్న" అంది. మగ్గం గురించీ, రోజూ చుట్టే నూలు కండెల గురించీ నాలుగు మాటలు చెప్పింది. అమ్మ పోయాక పుట్టింటికి పోవడమే మానుకున్నానంది. పోచమ్మ మైదాన్ రాగానే మూట ఎత్తుకుంది.

"ఇంటికి రా కాకా, చాయ తాగి పోదువు."

"ఇంకోపాలి వస్త బిడ్డా. ఖిల్ల సూడాలె."

ఎందుకట్లా అన్నాడో అతనికే తెలియదు. ఆమె దిగింది, బస్సు కదిలింది. ఇల్లు ఎక్కడో కూడా అడగలేదే అని గుర్తొచ్చేసరికి నూలు మూట జనంలో కలిసిపోయింది.

స్టేషను దగ్గర దిగితే ఖిల్లాకు జట్కా ఎక్కమన్నారు. గుర్రానికి పైకి తేలిన పక్కటెముకలు చూసి ఎక్కలేదు, నడుచుకుంటూ పోయాడు. తోరణాలు ఊరివాళ్ళు చెప్పినదానికన్నా పెద్దవి. రాతి మీద హంసలు, తామరపూలు. కింద మేకలు మేస్తున్నాయి. తోరణం కింద నిలబడి తల ఎత్తి మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. యాకమ్మ ఉంటే, ఇంత రాయిని పైకెట్ల ఎత్తిండ్రో అని తప్పక అడిగేది. తనకు జవాబు తెలిసేది కాదు. ఇద్దరూ కాసేపు వాదించుకునేవాళ్ళు. మేకలు కాసే ముసలామె అతన్ని చూసి, "ఏ ఊరు?" అంది. చెప్పాడు. "ఒక్కనివే వచ్చినవా?" అంది. ఔనన్నాడు. ఆమె మేకల వెంట వెళ్ళిపోయింది.

చీకటి పడే వేళకు ఊరు చేరాడు. సమ్మమ్మ అరుగు మీద బియ్యం ఏరుతూ ఉంది.

"ఏం జూసినవ్ బావా?"

అతను నోరు తెరిచాడు. రైలూ, వంతెనా, తోరణాలూ అన్నీ ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చాయి. ఏది ముందు చెప్పాలో తేలలేదు. "మంది మస్తున్నరు సమ్మమ్మా" అన్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "వీరభద్రం బిడ్డ కలిసింది. తెల్లెద్దును అడిగింది" అన్నాడు.

"మంచిది" అంటూ సమ్మమ్మ రాళ్ళు ఏరి పారేసింది.

"ఈపాలి నువ్వు సుత రారాదు. రైలు సూద్దువు."

"నాకేడిది బావా తీరిక" అని నవ్వి చాట ఎత్తుకుని లోపలికి పోయింది.

మరుసటి నెల రాజలింగు మళ్ళీ బస్సెక్కాడు. పోచమ్మ మైదాన్‌లో దిగి మగ్గాల సందుల్లో భాగ్యమ్మ పేరు అడుగుతూ తిరిగాడు. ఆ పేరుగలవాళ్ళు నలుగురు దొరికారు గానీ ఆమె దొరకలేదు. ఆ తర్వాత కూడా, ఒళ్ళు సహకరించినంత కాలం, నెలకోసారి పోయి వచ్చేవాడు. కాజీపేట వంతెన మీద నిలబడి రైళ్ళు చూసేవాడు. ఎవరైనా కొత్త మనిషి పక్కన ఆగితే, "ఇది ఎటు పోతది?" అని అడిగేవాడు. బలార్షా అనో, బెజవాడ అనో చెప్పేవాళ్ళు. అది తనకు ముందే తెలుసని అతను ఎవరితోనూ అనలేదు.