గంగారాం తీసిన పదకొండు ఫోటోలు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నేను తీసిన ఫోటోలను ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా మాట మార్చేస్తాను. ఇన్నేళ్ళుగా ఇదే వరస. ఎదుటివాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. వినయం కాదు, భయం. ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతం. బహ్రెయిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనర్‌గా పనిచేసేవాణ్ణి. కాపురం మహూజ్‌లో. సెలవు రోజుల్లో మా తెలుగు చర్చివాళ్ళ పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ ఫోటోలు తీసేవాణ్ణి. ఉద్యోగం మానేసి దాన్నే వృత్తి చేసుకోవాలని ఆశ. బ్లాగు ఉంటే గిరాకీ వస్తుందని ఎవరో చెబితే మొదలుపెట్టాను. కేకులు, బెలూన్లు, వరసగా నిలబెట్టిన కుటుంబాలు. నెట్‌లో తెలుగువాళ్ళు చేరే గ్రూపులన్నిటిలోనూ లింకు పెట్టేవాణ్ణి. ప్రతి టపాకూ రెండే వ్యాఖ్యలు. ఒకటి మా బావమరిది రాసేది, రెండోది అతనికి నేనిచ్చే జవాబు.

శుక్రవారాల్లో చర్చి తరఫున సల్మాబాద్‌లోని కార్మికుల క్యాంపుకు భోజనాలు తీసుకెళ్ళేవాళ్ళం. గంగారాం అక్కడే పరిచయం. జగిత్యాల దగ్గర పల్లె. గ్యారేజీలో కార్లకు రంగు కొట్టే పని. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఎవరో ఊరికి వెళ్ళిపోతూ ఇచ్చిన చిన్న డిజిటల్ కెమెరా ఒకటి అతని దగ్గర ఉండేది. దాంతో క్యాంపులో వాళ్ళకు ఫోటోలు తీసి, ఇళ్ళకు పంపుకోమని ఇచ్చేవాడు. ఒకరోజు కార్డు నిండిపోయిందని, అందులోవన్నీ సీడీలోకి ఎక్కించి పెట్టమని నా చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిచాను. ఒకడు ఇంకొకడికి క్షవరం చేస్తున్నాడు. చేయించుకునేవాడు పసిపిల్లాడిలా కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరు చెరొక కొసా పట్టుకుని తడి దుప్పటి పిండుతూ పగలబడి నవ్వుతున్నారు. డ్యూటీ బస్సులో అందరూ ఒకే వైపుకు ఒరిగి నిద్రపోతున్నారు. ఒకాయన ఫోన్ చెవిన పెట్టుకుని వింటున్నాడు, అంతే. ఎవరూ కెమెరా కోసం నిలబడలేదు. తమను ఇష్టంగా చూసే మనిషి ఎదుట మనుషులు ఎలా ఉంటారో అలా ఉన్నారు. ఖరీదైన కెమెరా మెడలో వేసుకుని నేను తిరిగిన అన్నాళ్ళలో అలాంటిది ఒక్కటీ తీయలేదు.

పదకొండు ఏరి బ్లాగులో పెట్టాను. పైన నా పేరు ఎప్పుడూ ఉండేదే. ఫోటోలు నావని రాయలేదు, అతనివనీ రాయలేదు. రాయకపోవడం అబద్ధం కాదు కదా అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక ఇప్పుడు నన్ను నేను కాపాడుకోవడానికి అంటున్నానా? ఏమో.

వారం తిరక్కుండా ఆ లింకు నాకు తెలియని గ్రూపుల్లో కూడా తిరిగింది. వ్యాఖ్యలు వచ్చిపడ్డాయి. మన దేశంలో ఏదో ఊళ్ళో ఉన్న ఒకామె ఎవరిచేతో రాయించింది: "ఆ ఫోన్ వింటున్నాయన మా ఆయనే. నాతోని మాట్లాడేటప్పుడు ఆయన మొఖం ఎట్లుంటదో ఇన్నేండ్లకు చూసిన. ఫోటో తీసిన అన్నకు దండం."

"సంతోషం అమ్మా" అని జవాబు రాశాను. అదే నా మొదటి అబద్ధం.

తర్వాత ఒక అడ్వర్టయిజింగ్ కంపెనీవాళ్ళు పిలిచారు. ఇలాంటి ఫోటోలే తమకు కావాలన్నారు. ఏడాది పొడుగునా పని. నేను ఎదురుచూసిన తలుపు అదే. ఇంకా సంతకాలు కాలేదు. సరిగ్గా ఆ శుక్రవారమే గంగారాం నా దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"సార్, మా ఫోటోలు నెట్‌ల పెట్టినవంట గదా! మావోడొకడు ఆఫీసుల చూసిండంట."

"అవునన్నా. అందరికీ చాలా నచ్చాయి."

"మనోళ్ళ మొఖాలు దునియంత చూస్తున్నరన్నట్టు!" అతని ముఖం వెలిగిపోయింది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ అడిగాడు. "నా పేరు గిట్ట రాసినవా సార్?"

"రాశాను" అన్నాను.

ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట.

"మా బిడ్డకు చెప్త. జగిత్యాలల ఇంటర్ సదువుతున్నది. నెట్ సెంటర్ల చూసుకుంటది."

ఇంటికి వెళ్ళి పేరు రాసేస్తే సరిపోయేది. నిమిషం పని. కీబోర్డు ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ కంపెనీవాళ్ళు రోజూ బ్లాగు చూస్తున్నారు. సంతకాలు అయిపోనీ, తర్వాత రాద్దాం అనుకున్నాను. సంతకాలయ్యాయి. అప్పుడు రాస్తే ఇంతకాలం ఎందుకు రాయలేదని అడుగుతారు. అలా ఆ నిమిషం దాటిపోయింది.

మళ్ళీ శుక్రవారం. గంగారాం గొంతులో నింద లేదు, అయోమయం ఉంది.

"సార్, బిడ్డ రెండు దినాలు పోయి చూసిందంట. ఫోటోలు ఉన్నయంట గని నా పేరు ఏడ లేదంట."

"సరిగ్గా వెతికి ఉండదన్నా. కిందికి వెళ్ళి చూడాలి."

అతను వెంటనే నమ్మేశాడు. "అయ్యుంటది సార్. దానికి అంత తెల్వది. సక్కగ చూడలేదని నేనే ఫోన్ల కోపం జేస్త."

కోపం చేసే ఉంటాడు. ఆ పిల్ల ఏమనుకుందో నాకు తెలియదు. తండ్రి మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత నేను చేసిన పనికి మీరు నవ్వినా నవ్వవచ్చు. ఒప్పందమైతే వచ్చింది కానీ అలాంటి ఫోటోలు తీయడం నాకు రాదు. నేర్చుకోవడానికి గంగారాం దగ్గరికే వెళ్ళాను. ఏడాదిపాటు, వీలైన ప్రతి శుక్రవారం అతని వెనకే తిరిగాను. అతను ఏమీ దాచుకోలేదు. దాచుకోవడం అనే ఆలోచనే అతనికి ఉన్నట్టు లేదు. ముందు వెళ్ళి కూర్చునేవాడు. చాయ్ తాగేవాడు. పిల్లల పేర్లు అడిగేవాడు, వాళ్ళ జ్వరాలు అడిగేవాడు. కెమెరా జేబులోనే ఉండేది. ఎదుటిమనిషి దాన్ని మరిచిపోయాక, మాట మధ్యలో, మర్యాదగా ఒక్కటి తీసేవాడు. ఒక్కటే. వెంటనే చూపించి, "ఉంచమంటవా, తీసేయమంటవా భాయ్?" అని అడిగేవాడు. తీసేయమంటే ఎంత మంచి ఫోటో అయినా తీసేసేవాడు. అలాంటివి ఎన్ని పోయాయో! నా ప్రాణం కొట్టుకునేది. అతను మాత్రం "ఆయన మొఖం సార్, ఆయనిష్టం" అనేవాడు.

ఈనాడు నా పనిలో జనం మెచ్చే ఓపిక, మర్యాద అతనివే. అంత పెద్ద మనసున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. మరి అలాంటివాడికి నిజం చెప్పడానికి ఎందుకు భయపడ్డాను? క్షమించడేమోనని కాదు, క్షమించేస్తాడని. అప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

వీసా అయిపోయి ఊరికి వెళ్ళిపోయే ముందు, తనకు ఒక్క ఫోటో తీయమని అడిగాడు. అన్నేళ్ళ ఫోటోల్లో తను ఎక్కడా లేడు మరి. అతని పద్ధతిలోనే కూర్చుని, మాట్లాడి, తీశాను. కెమెరా తీసుకుని తన ముఖాన్ని పెద్దది చేసి చూసుకున్నాడు.

"ఇప్పుడు వచ్చింది సార్ నీకు" అన్నాడు.

ఇప్పుడు. ఆ మాటను ఎన్నిసార్లు తిరగేశానో. గురువు శిష్యుణ్ణి మెచ్చుకోవడమా? లేక అంతా తెలిసి, తెలుసని ఆ ఒక్క ముక్కలో చెప్పడమా? తలెత్తి అతని ముఖం చూసే ధైర్యం లేకపోయింది. అందుకే ఈనాటికీ తెలియదు.

అతని నంబరుకు చాలా ఏళ్ళు ఫోన్ చేయలేదు. చేసినప్పుడు ఎవరో వేరేవాళ్ళు ఎత్తారు. పోయిన వారం ఆ పాత బ్లాగు తెరిచి ఒక్కొక్క ఫోటో కింద "తీసినవారు గంగారాం" అని రాశాను. పదకొండుసార్లు. అక్కడికి ఇప్పుడు ఎవరూ రారు. అది ప్రాయశ్చిత్తమని నేను అనుకోవడం లేదు, మీరూ అనుకోవద్దు. ఒక మనిషికైనా చెప్పాలి కాబట్టి మీకు చెబుతున్నాను. ఆ అమ్మాయి సరిగ్గానే వెతికింది. పేరు అక్కడ లేదు. నేను రాయలేదు.