అమ్మ దద్దుర్లకు గ్రీకు పేరు

ఫార్మసీ డిప్లొమాలో చేరిన ఆ మొదటి ఏడు నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదు. ఇంట్లో ఎవరైనా తుమ్మితే చాలు, తుమ్ముకి డాక్టర్లు ఏమంటారో చెప్పేదాన్ని. (ఎవరూ అడిగేవారు కారు, అదే నా బాధ.) సరిగ్గా అప్పుడే మా అమ్మకు ఒళ్లంతా దద్దుర్లు మొదలయ్యాయి. అదీ మా వదిన సేత్తూరు నుంచి కాపురానికి వచ్చిన నెలకే. అమ్మకు ఇంకేం కావాలి! మొదట వదిన వండిన వంకాయ అంది, తర్వాత ఎండుచేప అంది, ఆఖరికి "ఇది అడుగు పెట్టినప్పట్నించే నాకీ అరిపు" అనేసింది. (అరిపు అంటే మా రాజపాళయం తెలుగులో దురద.) వదిన ఏడవడం కూడా మానేసింది. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి అమ్మను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాం. ఆయన రక్తపరీక్షలు చూసి "ఇడియోపతిక్ అర్టికేరియా" అన్నాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఇంటికొచ్చి వీధంతా చాటింది. "మామూలు అరిపు కాదక్కా, ఇంగ్లీషు జబ్బు! డాక్టరే చెప్పినాడు. పావం, మా కోడల్ని ఊరికే తిట్టినాను." వారం రోజులు ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

నోరు మూసుకుని ఉంటే నా సొమ్మేం పోయేది? ఆదివారం అందరూ భోంచేస్తుండగా అందుకున్నాను. "అర్టికేరియా అంటే దద్దుర్లే. ఇడియోపతిక్ మాత్రం ఇంగ్లీషు కాదమ్మా, గ్రీకు. ఇడియోస్ అంటే సొంతం, పాథోస్ అంటే బాధ. తనంతట తానే వచ్చిన జబ్బని. కారణం దొరకనప్పుడు డాక్టర్లు వాడే మాట."

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "అట్లయితే ఏంటికి వచ్చినదో ఆయనకి తెలియదా?"

"తెలియదు."

"నాకు తెలుసు" అంటూ వదిన వైపు చూసింది.

వదిన గరిటె కింద పెట్టింది. "సరి అత్తా. డాక్టరుకే తెలియనిది మీకు తెలిసినాక, రేపట్నించి ఆయన కుర్చీలో మీరే కూచోండి. నేను మా ఊరికి పోతా." బట్టల సంచితో గుమ్మం దాటుతూ నా వైపు తిరిగింది. "నిన్నెవరన్నా అడిగినారా తల్లీ?"

బస్టాండు దాకా వెంటపడి బతిమాలాను. బస్సెక్కేసింది. ఆ రాత్రి నుంచి మా అన్న నాతో మాట్లాడటం మానేశాడు.

నాలుగు రోజులు వదిన లేదు, వదిన వంట లేదు. దద్దుర్లు మాత్రం రెండింతలయ్యాయి. అమ్మ గోక్కుంటూ గోడ వైపు తిరిగి కూర్చునేది. ఐదో రోజు పొద్దున్నే తనే ఫోన్ చేసింది. "అమ్మాయీ, నువ్వు లేకున్నా అరిపు వచ్చింది. బస్సెక్కి వచ్చేయ్" అంది. మా అమ్మ జన్మలో ఎవరికైనా చెప్పిన క్షమాపణ అదొక్కటే.

ఇప్పుడు నేను పనిచేసే మందుల షాపులో ఇడియోపతిక్ అని రాసిన చీటీలు నా ముందుకు వస్తూనే ఉంటాయి. ఈ జబ్బు ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే, వెంట కోడలెవరైనా వచ్చిందేమో ముందు చూసుకుంటాను. "ఎవరి వల్లా వచ్చింది కాదమ్మా, అంతే" అని మాత్రలు చేతిలో పెడతాను. గ్రీకు మాత్రం నాలిక చివరిదాకా వస్తుంది. ఆ తెలివైన పిల్ల ఇంకా లోపలే ఉంది, పాపం, ఆ మాటకు అర్థం ఎవరైనా అడుగుతారేమోనని.