తేడాలను తూచిన శారదా మేడమ్

మా జంతుశాస్త్ర అధ్యాపకురాలు డాక్టర్ శారదాదేవి గారు గత మంగళవారం హృద్రోగంతో కన్నుమూశారు. బిర్సానగర్‌లోని వాళ్ళ ఇంటి నుంచి ఆమె కూతురు మాధవి ఫోను చేసినప్పుడు నేను పాఠం చెబుతున్నాను. పిల్లల్ని పంపించేసి బయలుదేరాను.

ఆమె జీవితకాల పరిశోధన నాటుకోళ్ళ మీద. తల్లిదండ్రుల బరువునూ పిల్లల బరువునూ తూచి, పోల్చి, ఒక మందలో కనిపించే తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాల వల్ల కలిగిందో లెక్కకట్టేవారు. ఆ భాగమే హెరిటబిలిటీ, ఆనువంశికతా నిష్పత్తి. "ఇది మందకు చెందిన సంఖ్య. ఒక్క కోడిని పట్టుకుని, నీ బరువులో ఇంత తల్లిదండ్రులదీ అంటే అర్థం లేదు" అనేవారు. ఒకసారి అన్ని గూళ్ళకూ ఒకే మేత, ఒకే వెచ్చదనం అందేలా చూసి, తర్వాతి పిల్లలను కొలిపించారు. నిష్పత్తి పెరిగింది! జన్యువులు మారాయా అని మేము తెల్లబోతే నవ్వారు.

"జన్యువులు అవే. మేతలో తేడా తీసేశాం. మిగిలిన తేడాలో పుట్టుక వాటా పెద్దదైంది."

లెక్క తప్పితే మాత్రం కోపం దాచుకునేవారు కాదు. కాగితం చింపి మా చేతిలోనే పెట్టేవారు.

డిగ్రీ రెండో ఏడాది నేను తప్పినప్పుడు నాన్న చదువు మానిపించబోయారు. శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ప్రాంతానికి వలస వచ్చి, ఠేకేదారు, అంటే గుత్తేదారు కింద పనిచేసే మనిషి. సంగతి తెలిసి మేడమ్ బాగ్‌బేరాలోని మా ఇంటికి వచ్చారు.

"ఏటి సేత్తాం మేడమ్? మా ఖాన్‌దాన్‌లో ఎవులికీ సదువు రానేదు. రగతంలో నేంది దీనికెలా వత్తాది?" అన్నారు నాన్న.

"మీ ఇంట్లో ఎవరినైనా బడికి పంపారా అప్పారావు గారూ?"

"నేదు. సిన్నప్పుడే పనిలో ఎట్టీసినారు."

"మరి రాదని ఎలా తెలిసింది?"

నాన్న, "సరే మేడమ్, మీరు సూసుకోండి" అన్నారు. ఆ ఏడాదంతా ఆదివారాలు ఆమె ఇంట్లోనే నాకు పాఠం. నేడు నేనూ జన్యుశాస్త్రమే బోధిస్తున్నాను.

సువర్ణరేఖ నది ఒడ్డున అంత్యక్రియలు ముగించి ఇంటికి చేరాం. మాధవి అందరికీ మంచినీళ్ళిస్తూ, గోలగా ఏడుస్తున్నవాళ్ళను గదిమి కూర్చోబెడుతోంది. ఆ వీధికి కొత్తగా వచ్చిన పొరుగావిడ చూసి, "అచ్చం అమ్మే! రగతమంటే అదీ" అంది. మాధవిని మేడమ్ పెంచుకున్నారని ఆవిడకు తెలియదు.

"రక్తం కాదు ఆంటీ" అంది మాధవి. "చిన్నప్పట్నుంచీ అమ్మ చేత తిట్లు తింటూ పెరిగాను."

ఈ మాట మా గురువు గారికి వినిపించే వీలు ఇక లేదు. ఆ లోటు తీరేది కాదు. ఆమె పాదాలకు నమస్కరిస్తున్నాను.