అభ్యర్థిని నేనే

శనివారం మాదాపూర్‌లో జాబ్ మేళా. ఆ వారమంతా ఎస్తేరుకు ఏ పనిలోనూ మనసు నిలవలేదు. కూర తరుగుతూ ఇంగ్లీషులో తనను తాను పరిచయం చేసుకునేది. మధ్యలో తడబడితే మళ్ళీ మొదటికొచ్చేది. చారులో ఉప్పు రెండుసార్లు పడినా భర్త కిరణ్ పాల్ తినేశాడు. అమ్మ జబ్బుపడ్డప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం మానేసిన ఎస్తేరు, నలభై దాటాక మళ్ళీ అదే పని వెతుక్కుంటోంది.

శుక్రవారం తలకు రంగు వేసుకుంది. చెవి పక్కన నల్లటి మరక పడింది. నిమ్మచెక్కతో రుద్దితే చర్మం కందిందే గాని మరక పోలేదు.

ఎదురింటి బుచ్చమ్మ చూసి నవ్వింది. "ఏంది ఎస్తేరమ్మా, పెండ్లిచూపులా?"

"పెళ్లిచూపులకి కూడా ఇంత కంగారు పడలేదండీ."

"జర ఫికర్ తగ్గించుకో. జుట్టు చూసి కొలువిస్తరా?"

జుట్టు చూసే కాదంటారేమోనన్నదే ఎస్తేరు భయం. ఇస్త్రీ చేసిన చీర పక్కన పెట్టి చుడీదార్ తీసింది. పొద్దున్న మళ్ళీ చీరే కట్టుకుంది.

చందానగర్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కి, హైటెక్ సిటీలో దిగి ఆటోలో వెళ్ళింది. హాలు నిండా అప్పుడే కాలేజీ ముగించిన పిల్లలు. ఒక స్టాల్ దగ్గర ఊపిరి తీసుకుందామని ఆగిందో లేదో, ఒకమ్మాయి వచ్చి ఆమె చేతిలో తన రెజ్యూమె పెట్టింది.

"మేడమ్, ఫ్రెషర్స్‌ని తీసుకుంటరా?"

"నేను కంపెనీ మనిషిని కాదమ్మా. నేనూ ఉద్యోగానికే వచ్చాను."

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. ఎస్తేరు వరుసలో నిలబడబోతే వాలంటీర్ కుర్రాడు అడ్డొచ్చాడు. "పేరెంట్స్ అటు కూర్చోవాలండీ."

ముఖం భగ్గుమంది. "అభ్యర్థిని నేనే!"

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. వరుసంతా వెనక్కి తిరిగి చూసింది. ఇంటికి పారిపోవాలనిపించింది, కానీ ఇంతమంది విన్నాక ఎలా వెళ్ళడం? అక్కడే నిలబడింది.

బల్ల వెనక ఉన్న ప్రశాంతి అనే అధికారి రెజ్యూమె తిప్పింది. "ఇంత గ్యాప్ ఎందుకండీ?"

వారం రోజులు బట్టీపట్టిన ఇంగ్లీషు జవాబు ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"మా అమ్మకి క్యాన్సరండి. చూసుకోడానికి నేనొక్కదాన్నే. ఆవిడ పోయారు. కొత్త టూల్స్ ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాను. అన్నీ వచ్చని చెప్పను."

ప్రశాంతి ల్యాప్‌టాప్ ఇటు తిప్పి, టికెట్లు బుక్ చేసే ఒక పేజీ చూపించింది. "ఇందులో తప్పులేమైనా ఉన్నాయేమో చూడండి."

వెళ్ళే తేదీ కంటే ముందున్న తేదీని తిరుగు ప్రయాణానికి ఇచ్చి చూసింది ఎస్తేరు. పేజీ ఒప్పేసుకుంది, అదే మొదటి తప్పు. ఇంకో రెండు తప్పులు పట్టింది, ఒకటి మాత్రం కంటపడలేదు.

"ఫోన్ చేస్తాం," అంది ప్రశాంతి.

ఆ తర్వాతి రోజులు ఇంకా కష్టంగా గడిచాయి. స్నానానికి వెళ్ళినా ఫోన్ తలుపు దగ్గరే. చివరికి శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన మధ్య మోగింది. అందరూ చూస్తుండగా బయటికి పరుగెత్తింది. టెస్టర్ ఉద్యోగమే, ఆరు నెలల కాంట్రాక్టు. ఆ పైన పనిని బట్టి పొడిగిస్తారట.

"సరేనండి, వస్తాను," అంది ఎస్తేరు, అవతలివాళ్లు మాట పూర్తి చేయకముందే.