ఆ నెల వద్దన్న మా అత్తగారు

మా అత్తగారు మొన్న మంగళవారం పొద్దున టికియాపారాలోని మా ఇంట్లో కన్నుమూశారు. మామగారిది ఇక్కడ బెంగాల్‌లో రైల్వే ఉద్యోగం, వాళ్లది శ్రీకాకుళం వైపు. నేను వరంగల్ నుంచి సాల్ట్ లేక్‌లో ఉద్యోగానికొచ్చి వాళ్లబ్బాయిని చేసుకున్నాను. మొదటి ఏడాది ఆవిడ మాట నాకు సగమే అర్థమయ్యేది.

పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు కలగక చికిత్స మొదలుపెట్టాం. స్కానింగ్‌లకు ఆవిడే తోడొచ్చేవారు. నా ఫోనూ గాజులూ కొంగున కట్టుకుని మంచం పక్కన నిలబడేవారు. చదువు రాకపోయినా, తెర మీద ఏం చూడాలో డాక్టరమ్మను బెంగాలీలో అడిగి నేర్చుకున్నారు. పిండం నిలిచేలా గర్భసంచి లోపలి పొర మందంగా ఉందా, అందులో మూడు గీతలు విడివిడిగా కనిపిస్తున్నాయా అన్నది నాకంటే ముందే పోల్చుకునేవారు.

రెండుసార్లు లోపల పెట్టిన పిండం నిలవలేదు. ఆసుపత్రిలో దాచినవాటిలో ఇక ఒక్కటే మిగిలింది. ఆ నెల మాత్రలు పొడిగించినా పొర ఆరు మిల్లీమీటర్లు దాటలేదు.

"ఇంత పలచగా ఉంటే అవకాశం తగ్గుతుంది. ఆగుతారో, ముందుకెళ్తారో మీ ఇష్టం" అన్నారు డాక్టరమ్మ.

సెలవు పెట్టేశాను, ఇప్పుడే వెళ్దామన్నాను.

"సెలవుందని ఉన్న ఒక్కదాన్నీ పెట్టించీసుకుంటావేటి? వచ్చే నెల సూద్దారమ్మా" అన్నారు అత్తగారు.

ఆగాం. మరుసటి నెల పొర ఎనిమిది దాటింది, మూడు గీతలూ స్పష్టంగా కనిపించాయి. అయినా పెట్టిన ఆ పిండమూ నిలవలేదు.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం వంటింట్లో ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "మీరు ఆపకుంటే అప్పుడే నిలిచేదేమో అత్తమ్మా!"

ఆవిడ వాదించలేదు. "నానే ఆపినాను, నిజిమే. కోపం నా మీద పెట్టుకో. నీ ఒంటి మీద పెట్టుకోకు" అన్నారు.

తర్వాత డాక్టరమ్మను అడిగాను. ఆగడమే మంచిదయిందని, పొర బాగున్నా నిలవకపోవడానికి వేరే కారణాలు చాలా ఉంటాయని చెప్పారు. ఇంటికొచ్చి అత్తగారిని క్షమించమన్నాను.

"పొద్దున్నుంచి ఏటైనా తిన్నావా?" అన్నారంతే.

ఇక చికిత్స చాలనుకున్నది నేను. కానీ చుట్టాలెవరడిగినా "నానే సాలన్నాను" అని ఆవిడే జవాబు చెప్పేవారు.

పాత కాగితాలు తెచ్చుకోవడానికి చివరిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడూ వెంట వచ్చారు. స్కానింగ్ గదిలోంచి ఎవరో అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. అత్తగారు బెంచీ మీద పక్కకు జరిగి, "బోషో మా" అంటూ కూర్చోమని చోటు చూపించారు. నేను కౌంటరు దగ్గర్నుంచి చూస్తున్నాను. ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది.